క్వెరీకి నిజంగా ఎంత టైమ్ పడుతోంది? పీఎస్‌క్యూఎల్‌తో కొలిచే పద్ధతి

డేటాబేస్‌కు పంపే ప్రశ్నను చూపించి "ఈ క్వెరీ చాలా స్లో" అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది ఒక్కటే: ఎంత స్లో? ఎక్కడ కొలిచారు, ఎన్నిసార్లు కొలిచారు? చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. వెబ్ పేజీ తెరుచుకోవడానికి పట్టిన టైమ్ చెబుతారు. లేకపోతే ఏదో టూల్‌లో కింద మూలన కనబడిన అంకె చెబుతారు. ఆ అంకెలో నెట్‌వర్క్ వాటా ఎంతో, డేటాబేస్ వాటా ఎంతో తెలియదు.

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన చోట నెలాఖరు రిపోర్ట్ క్వెరీ ఒకటి నలభై సెకన్లు తీసుకునేది. తేదీ కాలమ్‌కు ఇండెక్స్ (కావలసిన వరుసలను త్వరగా వెతికిపెట్టే సూచిక) వేసి మళ్లీ నడిపాను. మూడు సెకన్లలో వచ్చేసింది. సమస్య తీరిపోయిందని అందరికీ చెప్పేశాను. ఆ శనివారం సర్వర్ రీబూట్ చేశారు. సోమవారం పొద్దున్నే అకౌంట్స్ వాళ్ల ఫోన్: మళ్లీ నలభై సెకన్లు. క్వెరీని డేటాబేస్ ఎలా నడుపుతుందో చెప్పే ప్లాన్ తీసి చూస్తే, నేను వేసిన ఇండెక్స్‌ను ఆ క్వెరీ ముట్టుకోనే లేదు. రెండోసారి వేగంగా రావడానికి కారణం డేటా అప్పటికే మెమరీలో ఉండటం, అంతే. ఆ రోజు నుంచి ఒక్కసారి వచ్చిన టైమ్‌ను నేను నమ్మను. మీరూ నమ్మొద్దు. నమ్మదగ్గ అంకె ఎలా రాబట్టాలో ఇక్కడ వరసగా చెబుతాను.

ఇందుకు వాడేది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే పీఎస్‌క్యూఎల్ అనే కమాండ్ లైన్ టూల్. ఒక మాట ముందే చెప్పాలి: కమాండ్లను పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను, మీరు టెర్మినల్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. టేబుల్ పేర్లు, కాలమ్ పేర్లు మాత్రం నిజంగానే తెలుగులో పెట్టుకోవచ్చు. యూటీఎఫ్-8 డేటాబేస్ అయితే పోస్ట్‌గ్రెస్ వాటిని కోట్స్ లేకుండానే ఒప్పుకుంటుంది. పేరు 63 బైట్లు దాటకూడదు. తెలుగులో అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ 3 బైట్లు తీసుకుంటాయి కాబట్టి అన్నీ కలిపి 21కి మించకుండా చూసుకోండి.

లోపలికి వెళ్లడం

పీఎస్‌క్యూఎల్ -హెచ్ సర్వర్‌పేరు -యు యూజర్ -డి డేటాబేస్

ఇందులో యు పెద్ద అక్షరం, హెచ్, డి చిన్నవి. పోర్ట్ చెప్పకపోతే 5432 అనుకుంటుంది. ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టడం విసుగనిపిస్తే, లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ హోమ్ ఫోల్డర్‌లో .పీజీపాస్ అనే ఫైల్ పెట్టుకోవచ్చు. ఒక్కో లైన్‌లో సర్వర్, పోర్ట్, డేటాబేస్, యూజర్, పాస్‌వర్డ్ ఈ వరసలోనే, మధ్యలో కోలన్లతో రాయాలి. ఆ ఫైల్ పర్మిషన్ 0600 చేయండి. లేకపోతే పీఎస్‌క్యూఎల్ దాన్ని పట్టించుకోదు.

లోపలికి వెళ్లాక ప్రాంప్ట్‌ను ఒకసారి పరిశీలనగా చూడండి. డేటాబేస్ పేరు, దాని పక్కన ఈక్వల్ గుర్తు, ఆ తర్వాత > గానీ # గానీ ఉంటుంది. # ఉందంటే మీరు సూపర్‌యూజర్‌గా ఉన్నారు. కొలతల కోసం అయితే అంత అధికారం అక్కర్లేదు, మామూలు యూజర్‌గా రండి.

కొత్తవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది సెమీకోలన్ దగ్గర. క్వెరీ కొడతారు, ఎంటర్ నొక్కుతారు, ఏమీ రాదు. సర్వర్ హ్యాంగ్ అయిందని టెన్షన్ పడతారు. ప్రాంప్ట్ చూడండి: = ఉండాల్సిన చోట - వచ్చి ఉంటుంది. క్వెరీ ఇంకా పూర్తి కాలేదు, మిగతాది ఇవ్వమని దాని అర్థం. సెమీకోలన్ కొట్టి ఎంటర్ నొక్కండి. ఆ చోట కోట్ గుర్తు కనబడితే ఎక్కడో కోట్ మూయడం మర్చిపోయారు. గజిబిజి అయితే \ఆర్ కొట్టి మొత్తం చెరిపేసి మళ్లీ మొదలుపెట్టండి; కోట్ తెరిచి ఉంటే ముందు దాన్ని మూయాలి, లేకపోతే \ఆర్ పనిచేయదు.

అసలు సర్వర్ మీద పనిచేస్తుంటే ఏ క్వెరీ కొట్టే ముందైనా ఇది తప్పనిసరి:

సెట్ స్టేట్‌మెంట్_టైమౌట్ = '60ఎస్';

అరవై సెకన్లు దాటిన క్వెరీని సర్వరే ఆపేస్తుంది. మీరు టీకి వెళ్లినా ఎవరి పనీ ఆగదు. మధ్యలో మీరే ఆపాలంటే కంట్రోల్-సి చాలు.

ప్రయోగానికి ఒక టేబుల్

అసలు డేటాతో ప్రయోగాలు చేయకండి. మీ లాప్‌టాప్‌లోనే ముప్పై లక్షల బిల్లులు తయారు చేసుకుందాం:

క్రియేట్ టేబుల్ బిల్లులు యాజ్
సెలెక్ట్ సంఖ్య,
(ర్యాండమ్() * 20000)::ఇంట్ యాజ్ ఖాతా,
(ర్యాండమ్() * 5000)::ఇంట్ యాజ్ మొత్తం,
డేట్ '2020-01-01' + సంఖ్య / 1667 యాజ్ తేదీ
ఫ్రమ్ జెనరేట్_సిరీస్(1, 3000000) యాజ్ సంఖ్య;

వ్యాక్యూమ్ ఎనలైజ్ బిల్లులు;

ఆ రెండో కమాండ్‌ను వదిలేయకండి. అప్పుడే నింపిన టేబుల్‌ను మొదటిసారి చదివేటప్పుడు పోస్ట్‌గ్రెస్ ప్రతి వరుస మీదా కొన్ని గుర్తులు వేసుకుంటుంది. అది మీ కొలతలో కలిసిపోతుంది. పైగా, ఏ కాలమ్‌లో ఎలాంటి విలువలు ఉన్నాయో లెక్క తెలియకపోతే ప్లాన్ ఎంచుకునే భాగం, అంటే ప్లానర్, గుడ్డిగా అంచనా వేస్తుంది. వ్యాక్యూమ్ ఎనలైజ్ ఈ రెండు పనులూ ముందే కానిచ్చేస్తుంది.

గడియారం ఆన్ చేయడం

\టైమింగ్ ఆన్

ఇక మీరు కొట్టే ప్రతి క్వెరీ కింద టైమ్ మిల్లీసెకన్లలో వస్తుంది. సెకను దాటితే పక్కనే బ్రాకెట్లో నిమిషాలు, సెకన్లు కూడా చూపిస్తుంది: టైమ్: 1534.218 ఎంఎస్ (00:01.534), ఇలా. క్వెరీ మీ దగ్గర బయల్దేరినప్పటి నుంచి జవాబు మొత్తం మీ దగ్గరికి చేరేదాకా పట్టిన టైమ్ ఇది. అంటే నెట్‌వర్క్ ప్రయాణం కూడా ఇందులో ఉంది.

అందుకే ముందు దారి ఖర్చు ఎంతో తెలుసుకోండి:

సెలెక్ట్ 1;

దీన్ని నాలుగైదు సార్లు నడపండి. సర్వర్‌కు ఇందులో పనేమీ లేదు. వచ్చిన టైమ్ దాదాపు అంతా రానూపోనూ ప్రయాణమే. మీ లాప్‌టాప్‌లోనే డేటాబేస్ ఉంటే ఒక మిల్లీసెకను కూడా పట్టదు. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికాలో ఉన్న సర్వర్‌కు కనెక్ట్ అయితే ఈ ఒక్క దానికే 200 మిల్లీసెకన్ల పైన పోవచ్చు. అప్పుడు 230 మిల్లీసెకన్లు పట్టిన క్వెరీని బాగుచేయడానికి మీరు రోజంతా కూర్చున్నా, మీ చేతిలో ఉన్నది ఆ చివరి 30 మాత్రమే.

షెల్‌లో ఉండే టైమ్ కమాండ్‌తో పీఎస్‌క్యూఎల్‌ను నడిపి కొలిచేవాళ్లూ ఉన్నారు. అందులో ప్రోగ్రామ్ మొదలవడం, కనెక్షన్ తెరవడం, లాగిన్ అన్నీ కలుస్తాయి. మొత్తం స్క్రిప్ట్‌కు ఎంత పడుతుందో తెలియాలంటే సరే, క్వెరీని కొలవడానికి మాత్రం అది పనికిరాదు.

వేల వరుసలు తెచ్చే క్వెరీ అయితే తెర నిండిపోతుంది. \ఓ /డెవ్/నల్ అని కొట్టండి. వరుసలు ఎటో పోతాయి, టైమ్ లైన్ మాత్రం తెర మీదే వస్తుంది. మళ్లీ మామూలుగా కావాలంటే ఉట్టి \ఓ కొట్టండి. ఇదే పని కోసం కొందరు క్వెరీని కౌంట్(*)లో చుట్టేస్తారు. అలా చేయకండి. వరుసల సంఖ్యే కావాలన్నప్పుడు ప్లానర్ కాలమ్స్ లెక్క కట్టడం మానేయొచ్చు, వేరే ప్లాన్ ఎంచుకోవచ్చు. మీరు కొలిచేది వేరే క్వెరీ అయిపోతుంది.

ఒక్కసారి కాదు, ఆరుసార్లు

సెలెక్ట్ సమ్(మొత్తం) ఫ్రమ్ బిల్లులు వేర్ ఖాతా = 4217

దీని చివర సెమీకోలన్ పెట్టకుండా \వాచ్ ఐ=1 సీ=6 అని కొట్టండి. సెకనుకోసారి చొప్పున ఆరుసార్లు నడిచి ఆగుతుంది. ఎన్నిసార్లో చెప్పే ఈ సీ= సదుపాయం వెర్షన్ 16 నుంచి ఉంది. అంతకన్నా పాతదైతే \వాచ్ 1 కొట్టి, చాలనుకున్నప్పుడు కంట్రోల్-సి నొక్కండి.

మొదటి అంకెను విడిగా రాసుకోండి. మిగతా ఐదింటిని చిన్నది నుంచి పెద్దది దాకా పేర్చి మధ్యది తీసుకోండి. సగటు వద్దు. ఆ సమయంలోనే బ్యాకప్ లాంటిదేదైనా మొదలైతే ఒక్క పెద్ద అంకె వచ్చి సగటును పైకి లాగేస్తుంది, మధ్య అంకె అంత తేలిగ్గా చలించదు. మొదటిదాన్ని పారేయొద్దన్నది ఎందుకంటే, పొద్దున్నే ఆఫీసుకు వచ్చి రిపోర్ట్ నొక్కే మనిషికి ఎదురయ్యేది అదే. మొదటి అంకెకూ మధ్య అంకెకూ చాలా తేడా ఉంటే, మీ క్వెరీ వేగం మెమరీ దయ మీద ఆధారపడి ఉందని అర్థం. నలభై సెకన్లు మూడు సెకన్లు అయినప్పుడు నేను చూడాల్సింది ఇదే.

టైమ్ ఎక్కడ పోతోంది

గడియారం ఎంత పట్టిందో చెబుతుంది, ఎందుకు పట్టిందో చెప్పదు. దానికి:

ఎక్స్‌ప్లెయిన్ (ఎనలైజ్, బఫర్స్)
సెలెక్ట్ సమ్(మొత్తం) ఫ్రమ్ బిల్లులు వేర్ ఖాతా = 4217;

ఉట్టి ఎక్స్‌ప్లెయిన్ అయితే క్వెరీని నడపదు, ప్లాన్ మాత్రమే చూపిస్తుంది. ఎనలైజ్ చేరిస్తే నిజంగా నడుపుతుంది. బఫర్స్ చేరిస్తే ఎన్ని పేజీలు (పోస్ట్‌గ్రెస్ డేటాను దాచుకునే ముక్కలు) తిరగేసిందో కూడా చెబుతుంది. వెర్షన్ 18 నుంచి ఎనలైజ్ ఉంటే బఫర్స్ దానంతట అదే వస్తుంది.

వచ్చిన దాన్ని లోపలి నుంచి, అంటే ఎక్కువ కుడికి జరిగిన లైన్ దగ్గర నుంచి చదవండి. సెట్టింగ్స్ ఏమీ మార్చని ఇన్‌స్టలేషన్‌లో మన టేబుల్‌కు దాదాపు ఇలా కనబడుతుంది:

ప్యారలల్ సీక్ స్కాన్ ఆన్ బిల్లులు (... రోజ్=50 లూప్స్=3)
రోజ్ రిమూవ్డ్ బై ఫిల్టర్: 999950

యాభై వరుసలేనా అని కంగారు పడకండి. లూప్స్=3 చూడండి. ముగ్గురు పనివాళ్లు టేబుల్‌ను పంచుకుని చదివారు, చూపించిన అంకె ఒక్కొక్కరి సగటు. అసలు లెక్క 50 ఇంటూ 3, అంటే దాదాపు 150 వరుసలు. ఖాతాలు ఇరవై వేలు, బిల్లులు ముప్పై లక్షలు కాబట్టి ఒక్కో ఖాతాకు నూటయాభై రావాల్సిందే, సరిపోయింది. ఫిల్టర్‌లో పారేసినవి కూడా అంతే, 999950 ఇంటూ 3. నూటయాభై వరుసల కోసం ముప్పై లక్షలు చదివి మిగతావన్నీ పక్కన పడేసింది. నెస్టెడ్ లూప్ (ఒక టేబుల్‌లోని ప్రతి వరుసకూ ఇంకో టేబుల్‌లో వెతకడం) ఉన్న ప్లాన్లలో ఈ లూప్స్ అంకె వేలల్లో ఉంటుంది. 0.02 మిల్లీసెకన్లే కదా అని వదిలేసిన లైనే 50000 సార్లు తిరిగి ఒక సెకను తినేస్తుంది. ప్లాన్ చదవడంలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

ఇప్పుడు బఫర్స్ లైన్. షేర్డ్ హిట్, రీడ్ అని రెండు అంకెలు ఉంటాయి, రెండూ కూడండి. మన టేబుల్‌కు 16 వేల పైచిలుకు వస్తుంది. పేజీ 8 కేబీ, అంటే సుమారు 127 ఎంబీ. నాకు అన్నిటికన్నా ఇష్టమైన అంకె ఇది. టైమ్ లాప్‌టాప్ వేడిని బట్టి, పక్కన నడుస్తున్న వీడియో కాల్‌ను బట్టి మారుతుంది. ఈ పేజీల మొత్తం మాత్రం ప్లాన్, డేటా మారనంత వరకు ఇంచుమించు కదలదు. ఇండెక్స్ వేయక ముందు, వేశాక నేను ముందు పోల్చేది దీన్నే.

హిట్ అంటే పోస్ట్‌గ్రెస్ సొంత మెమరీలో దొరికింది, రీడ్ అంటే అక్కడ దొరకలేదు. రీడ్ అన్నంత మాత్రాన డిస్క్ దాకా వెళ్లిందని కాదు. చాలాసార్లు ఆపరేటింగ్ సిస్టమ్ క్యాష్‌లోనే దొరుకుతుంది. ఇంకో విషయం: సెట్టింగ్స్ ముట్టుకోకపోతే పోస్ట్‌గ్రెస్ సొంత మెమరీ 128 ఎంబీ. అందులో పావు వంతు దాటిన టేబుల్‌ను పూర్తిగా చదవాల్సి వస్తే మిగతా పేజీలన్నీ కొట్టుకుపోకుండా కొంచెం జాగానే వాడుకుంటుంది. అందుకే ఈ క్వెరీని పదిసార్లు నడిపినా రీడ్ అంకె పెద్దగా తగ్గకపోవచ్చు. కంగారు పడకండి, తప్పు మీది కాదు.

మందు వేసి మళ్లీ కొలవడం

క్రియేట్ ఇండెక్స్ ఆన్ బిల్లులు (ఖాతా);

అసలు సర్వర్‌లో అయితే ఇండెక్స్ పక్కన కంకరెంట్లీ చేర్చండి. లేకపోతే ఇండెక్స్ తయారయ్యేదాకా ఆ టేబుల్‌లో కొత్త బిల్లు ఒక్కటీ పడదు, కౌంటర్ దగ్గర క్యూ పెరిగిపోతుంది.

ఇప్పుడు అదే ఎక్స్‌ప్లెయిన్ మళ్లీ నడపండి. టేబుల్ మొత్తం చదివే సీక్ స్కాన్ పోయి, ఇండెక్స్ చూపిన పేజీలే చదివే బిట్‌మ్యాప్ హీప్ స్కాన్ వస్తుంది, పేజీల మొత్తం 16 వేల నుంచి 150కి అటూఇటూగా పడిపోతుంది. ఇదీ మార్పంటే. ఇక రీబూట్ చేసినా ఆ నూటయాభై పేజీలే చదవాలి.

ఇక నా నెలాఖరు రిపోర్ట్‌లో జరిగిందేమిటో మీరే చూడొచ్చు. తేదీ మీద ఇండెక్స్ వేసి, ఈ రెండింటి ప్లాన్లూ తీయండి:

సెలెక్ట్ సమ్(మొత్తం) ఫ్రమ్ బిల్లులు వేర్ టు_చార్(తేదీ, 'వైవైవైవై-ఎంఎం') = '2023-03';

సెలెక్ట్ సమ్(మొత్తం) ఫ్రమ్ బిల్లులు వేర్ తేదీ >= '2023-03-01' అండ్ తేదీ < '2023-04-01';

జవాబు ఒక్కటే, పని మాత్రం వేరు. మొదటి దాంట్లో తేదీని ఫంక్షన్‌లో చుట్టేశాం. ఇండెక్స్‌లో ఉన్నది తేదీలు, టు_చార్ ఇచ్చే అక్షరాలు కాదు. కాబట్టి అది పనికిరాక పోస్ట్‌గ్రెస్ మళ్లీ టేబుల్ మొత్తం తిరగేస్తుంది. రెండోది మూడు వందల చిల్లర పేజీలతో పని ముగిస్తుంది. నేను చేయాల్సింది ఇండెక్స్ వేయడంతో పాటు ఆ ఒక్క వేర్ లైన్ మార్చడం.

ఇంత తక్కువ పేజీలు ఎందుకు సరిపోయాయో కూడా గమనించండి. మన టేబుల్‌లో తేదీలు వరసగా పడ్డాయి, ఒక నెల బిల్లులన్నీ పక్కపక్క పేజీల్లో ఉన్నాయి. నిజమైన బిల్లులూ అలాగే పడతాయి. అదే తేదీలను కూడా ర్యాండమ్‌తో నింపి ఉంటే మార్చి నెల బిల్లులు దాదాపు ప్రతి పేజీలోనూ రెండో మూడో ఉండేవి, ఇండెక్స్ ఉన్నా ప్రయోజనం కనబడేది కాదు. టెస్ట్ డేటా తయారు చేసేటప్పుడు విలువలు ఎన్ని అన్నదే కాదు, ఏ వరసలో పడతాయన్నది కూడా అసలు టేబుల్‌లాగే ఉండేలా చూసుకోండి.

ప్లాన్‌లో ప్రతి లైన్‌కు రెండు చోట్ల రోజ్ కనబడుతుంది: ముందున్నది అంచనా, వెనకున్నది వాస్తవం. రెండింటికీ వంద రెట్ల తేడా ఉంటే ఎనలైజ్ కమాండ్‌ను ఆ టేబుల్ మీద విడిగా నడిపి మళ్లీ చూడండి.

డిలీట్, అప్‌డేట్ దగ్గర జాగ్రత్త

ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ క్వెరీని నిజంగా నడుపుతుందని పైన చెప్పాను. డిలీట్ ముందు పెడితే నిజంగానే డిలీట్ అవుతుంది. వివరణే కదా అడిగాను అంటే కుదరదు. ఎప్పుడూ ఇలాగే చేయండి:

బిగిన్;
ఎక్స్‌ప్లెయిన్ (ఎనలైజ్, బఫర్స్) డిలీట్ ఫ్రమ్ బిల్లులు వేర్ తేదీ < '2021-01-01';
రోల్‌బ్యాక్;

బిగిన్ తర్వాత చేసినదంతా రోల్‌బ్యాక్ రద్దు చేస్తుంది. రోల్‌బ్యాక్ కొట్టేదాకా ఆ వరుసల మీద లాక్ ఉంటుంది కాబట్టి మధ్యలో ప్లాన్ చదువుతూ కూర్చోకండి. వెంటనే రోల్‌బ్యాక్ కొట్టి, పైకి స్క్రోల్ చేసి తీరిగ్గా చదవండి.

\టైమింగ్ చూపే అంకె, ఎక్స్‌ప్లెయిన్ చివర వచ్చే ఎగ్జిక్యూషన్ టైమ్ ఒకదానికొకటి సరిపోకపోతే ఆశ్చర్యపోకండి. ఎక్స్‌ప్లెయిన్ వరుసలను మీ దగ్గరికి పంపదు, కాబట్టి ఆ ఖర్చు అందులో ఉండదు. మరోవైపు ప్రతి దశకూ గడియారం చూస్తుంది కాబట్టి ఆ భారం అదనం. బ్రాకెట్లో టైమింగ్ ఆఫ్ అని చేర్చితే ఈ రెండో భారం చాలావరకు తగ్గుతుంది.

ఒక్కరు కాదు, పదిమంది అడిగితే

ఒక మనిషికి 5 మిల్లీసెకన్లలో వచ్చే క్వెరీ ఒకేసారి పదిమంది అడిగినప్పుడు ఎలా ఉంటుందో చూడాలంటే పోస్ట్‌గ్రెస్‌తోనే వచ్చే పీజీబెంచ్ వాడండి. ఒక ఫైల్‌లో ఈ రెండు లైన్లు రాయండి:

\సెట్ ఖాతా ర్యాండమ్(1, 20000)
సెలెక్ట్ సమ్(మొత్తం) ఫ్రమ్ బిల్లులు వేర్ ఖాతా = :ఖాతా;

తర్వాత టెర్మినల్‌లో:

పీజీబెంచ్ -ఎన్ -ఎఫ్ ఫైల్‌పేరు -సి 10 -టి 30 -పి 5 డేటాబేస్

ఇందులో ఎన్, ఎఫ్, సి చిన్న అక్షరాలు. టి, పి పెద్ద అక్షరాలు. పెద్ద టి అంటే ఎన్ని సెకన్లు, చిన్న టి అంటే ఎన్నిసార్లు. పెద్ద పి వల్ల ఐదు సెకన్లకోసారి లేటెన్సీ (ఒక్కో క్వెరీకి సగటున పట్టిన టైమ్), దాని పక్కనే హెచ్చుతగ్గుల అంకె వస్తాయి. ర్యాండమ్ ఖాతా ఎందుకంటే, ఒకే ఖాతాను వేలసార్లు అడిగితే అవే నూటయాభై పేజీలు మెమరీలో కూర్చుని, లేని వేగం ఉన్నట్టు చూపిస్తాయి.

రోజూ కొలిచే పని ఉంటే హోమ్ ఫోల్డర్‌లో .పీఎస్‌క్యూఎల్‌ఆర్‌సీ అనే ఫైల్‌లో \టైమింగ్ ఆన్, స్టేట్‌మెంట్_టైమౌట్ లైన్, రెండూ పెట్టేయండి. పీఎస్‌క్యూఎల్ తెరిచినప్పుడల్లా అవే అమల్లోకి వస్తాయి. బ్యాకప్ లాంటి స్క్రిప్టులను మాత్రం పెద్ద అక్షరం -ఎక్స్‌తో నడపండి, అప్పుడు ఈ ఫైల్‌ను చదవదు. లేకపోతే మీ అరవై సెకన్ల టైమౌట్ రాత్రి నడిచే పెద్ద స్క్రిప్ట్‌ను సగంలో ఆపేస్తుంది.

ప్రతి మార్పుకూ ముందు ప్లాన్ ఒకటి, తర్వాత ప్లాన్ ఒకటి ఫైల్‌లోకి దించుకోండి. ఎక్స్‌ప్లెయిన్‌కు ముందు \ఓ ముందు.టెక్స్ట్, మార్పు చేశాక \ఓ తర్వాత.టెక్స్ట్ అని కొడితే సరిపోతుంది. టైమ్ లైన్ ఆ ఫైల్‌లోకి పోదు కాబట్టి మొదటి అంకె, మధ్య అంకె, పోస్ట్‌గ్రెస్ వెర్షన్, ఆ రోజు టేబుల్‌లో ఎన్ని వరుసలు ఉన్నాయో మీరే పక్కన రాసి పెట్టండి. ఆరు నెలల తర్వాత టేబుల్ రెట్టింపై, ఎవరో ఫోన్ చేసి మళ్లీ స్లో అయిందన్నప్పుడు ముందు తెరవాల్సింది ఆ రెండు ఫైళ్లే.